క్లోనింగ్ పరిశోధనకు అండాలిస్తే ఒంటికి ఏమవుతుంది?

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో అయిదు ఒకే విషయం గురించి ఉన్నాయి. మూడు నెల్లూరు జిల్లా నుంచి, రెండు ప్రకాశం జిల్లా నుంచి వచ్చాయి. ఒకరి ఉత్తరం సంగతి మరొకరికి తెలిసే అవకాశం లేదు కాబట్టి, రెండు జిల్లాలలోనూ ఈ మాట చెవిన వేస్తున్నవారు ఉన్నారని అనుకోవాలి. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి పూర్తిగా దీనికే జవాబులు రాస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా చెల్లెలికి 22 ఏళ్ళు, ఒక బాబు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తోంది. మా మరిది రొయ్యల గుంట కౌలుకు తీసుకుంటే వరుసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులు వచ్చి పోయాయి. మద్రాసులో షుగరు వ్యాధికి క్లోనింగ్ పద్ధతిలో మందు కనిపెడుతున్నారని, దానికి ఆడవాళ్ళ అండాలు కావాలని, పది రోజులు ఇంజెక్షన్లు, అరగంట పని, యాభై వేలు ఇస్తారని ఒకావిడ మా చెల్లెలికి చెప్పిందట. ‘రక్తదానం లాంటిదే, ఒంట్లోంచి ఏమీ పోదు’ అంటోందట. నిజమేనా? (కావలి)

జవాబు: రక్తదానంతో పోల్చడం సరికాదమ్మా. రక్తం ఇచ్చేవారి ఒంట్లోకి ముందుగా ఏ మందూ ఎక్కించరు. ఉన్నదానిలోంచే ఒక సీసా తీసుకొని, బిస్కెట్టూ టీ ఇచ్చి పంపిస్తారు. అండదానంలో తీసుకోవడం అరగంట పనే అయినా, తీసుకోవడానికి వీలుగా అండాలను తయారు చేయించడం కోసం ఆరోగ్యంగా ఉన్న ఒక ఒంటిని పది పన్నెండు రోజులపాటు మందులతో నడిపించవలసి ఉంటుంది. ప్రమాదంలో ఎక్కువ పాలు ఆ పది రోజులలోనూ, అండాలు తీసిన తరువాతి వారంలోనూ ఉంటుంది కాని ఆ అరగంటలో కాదు.

మామూలుగా నెలకు ఒక్క అండమే పక్వానికి వస్తుంది. ఆ నెలలో ఎదగడం మొదలుపెట్టిన మిగిలిన అండకోశాలు (ఒక్కొక్క అండాన్ని పట్టి ఉంచే నీటి తిత్తులు) వాటంతటవే ఎండిపోతాయి. ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోనును రోజూ పొత్తికడుపు చర్మం కింద సన్న సూదితో ఇస్తే, ఎండిపోవలసినవి కూడా ఎదుగుతాయి. స్కానింగ్ తెర మీద అవి నల్లని గుండ్రని మచ్చలుగా కనిపిస్తాయి. రెండు మూడు రోజులకొకసారి వాటిని మిల్లీమీటర్లలో కొలుస్తూ, 18 మిల్లీమీటర్ల దరిదాపుకు వచ్చినప్పుడు, అండాలను చివరి దశకు తీసుకువచ్చే మరో ఇంజెక్షన్ ఇస్తారు. అది ఇచ్చిన 34 నుంచి 36 గంటల లోపల, మత్తు ఇచ్చి, స్కానింగ్‌లో చూస్తూ, యోని గోడ గుండా పొడవైన సూదిని అండాశయంలోకి పంపి, ఒక్కొక్క కోశంలోని నీటిని అండంతో సహా పీల్చి తీస్తారు. సూది వెళ్ళే దారిలోనే మూత్రాశయం, పేగులు, పెద్ద రక్తనాళాలు ఉంటాయి. లోపల రక్తస్రావం కావడం, చీము పట్టడం, పేగుకు గాయం కావడం అరుదు; అనుభవం ఉన్న చేతులలో నూటికి ఒకరికంటే తక్కువమందికి జరుగుతాయి. అయినా నేను ఇక్కడ ఒక మాట కలపక తప్పదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. హిమోగ్లోబిన్ 12 ఉన్న స్త్రీ తట్టుకోగలిగిన రక్తస్రావాన్ని 8 ఉన్న స్త్రీ తట్టుకోలేదు.

ఇక చట్టం సంగతి. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ప్రకారం అండదాత వయసు 23కు తగ్గకూడదు, 35కు మించకూడదు. మీ చెల్లెలు ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఒక స్త్రీ జీవితంలో ఒక్కసారే అండాలివ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు, నమోదైన బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. అండాలను అమ్మడం, వాటికోసం దళారీ వ్యాపారం నడపడం నేరాలు. పరిశోధన కోసం అండాలను దేశం బయటకు పంపడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది. దుకాణంలో పనిచేసే అమ్మాయి దగ్గరకు ఒకావిడ వచ్చి, ఇంతిస్తారని ధర చెప్పిందంటే, ఈ వ్యవహారం ఆ నియమాలలో దేనికీ లోబడి నడవడం లేదని అర్థం. వయసు ఎక్కువ వేయించి ఆధార్ మార్పిస్తామని అంటే, ఇంకేమీ వినకుండా ఆ మాట అక్కడితో ముగించమని మీ చెల్లెలికి చెప్పండి.

ప్రశ్న: నిరుడు నేను అండదానం చేశాను. తీసిన నాలుగో రోజున కడుపు ఉబ్బి, వాంతులయి, ఊపిరి ఆడక వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ‘నీ ఒంటి తత్వం’ అని సరిపెట్టారు. నాకు ముందు నుంచీ పీసీఓడీ ఉంది. నిజంగా నా ఒంటి తత్వమేనా? (బుచ్చిరెడ్డిపాళెం)

జవాబు: మీకు వచ్చినదాని పేరు ఓవేరియన్ హైపర్‌స్టిమ్యులేషన్ సిండ్రోమ్. అండాశయాలు మందుకు అతిగా స్పందించడం వల్ల వచ్చే స్థితి ఇది. మీ ఒంటి తత్వం అందులో సగమే. ఆ తత్వాన్ని ముందే గుర్తించి, మందు తగ్గించి, ఇంజెక్షన్ మార్చి ఇవ్వవలసిన బాధ్యత మిగిలిన సగం. అది మీది కాదు.

ఇది ఎలా వస్తుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతా ప్రశ్నలన్నిటికీ కీలకం ఇక్కడే ఉంది. చివరి ఇంజెక్షన్‌గా చాలాకాలం హెచ్‌సీజీ అనే హార్మోనును వాడుతూ వచ్చారు. అది రోజుల తరబడి ఒంట్లో నిలిచి, ఉబ్బిన అండాశయాలను పట్టి ఊపుతూ ఉంటుంది. వాటినుంచి విడుదలయ్యే పదార్థాలు సన్న రక్తనాళాల గోడలను పలచబరుస్తాయి. నాళంలో ఉండవలసిన నీరు బయటికి ఊరి కడుపులో చేరుతుంది, ముదిరితే ఊపిరితిత్తుల చుట్టూ కూడా చేరుతుంది. లోపల మిగిలిన రక్తం చిక్కబడుతుంది. మూత్రపిండాలకు నీరు చాలదు. కాళ్ళలోనో, ఒక్కోసారి మెడలోనో రక్తం గడ్డకడుతుంది. కడుపు నిండా నీళ్ళున్నా ఒళ్ళు ఎండిపోయి ఉంటుందన్నమాట. స్వల్పంగా ఉబ్బరం చాలామందికి వచ్చి పోతుంది. మధ్యస్థం నుంచి తీవ్రం దాకా ముదిరేది నూటికి ఒకటి నుంచి అయిదు సార్లు. చిన్న వయసు, సన్నని ఒళ్ళు, పీసీఓడీ, అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్షలో ఎక్కువ అంకె ఉన్నవారికి ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. ఎక్కువ అండాలు వస్తాయని దళారులు ఏరుకొనేదీ సరిగ్గా వీరినే.

కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి నా దగ్గరకు వచ్చిన అమ్మాయి ‘కడుపు నొప్పి’ అని చెప్పలేదు. ‘లంగా బొందు ముడి పడడం లేదండీ’ అంది. పొద్దున కట్టిన బొందు సాయంత్రానికి నడుము చుట్టూ ఎర్రగా కోసుకుపోయి ఉంది. టేపు పెట్టి కొలిచి బొడ్డు పక్కన పెన్నుతో గీత గీశాను. తెల్లారేసరికి అదే గీత దగ్గర నడుము మూడు సెంటీమీటర్లు పెరిగింది. ఉదయం నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళావంటే, ఒక్కసారి అంది. అండాలు తీసిన కేంద్రంవాళ్ళు నొప్పికి డైక్లోఫెనాక్ బిళ్ళలు రాసి ఇంటికి పంపేశారు. ఫోను చేస్తే ఎత్తలేదు. మూత్రపిండాలు అసలే నీళ్ళు చాలక ఉన్న సమయంలో ఆ బిళ్ళలు వాటికి మరింత కీడు చేస్తాయి. ఆ అమ్మాయి కోలుకుంది కాని, ఆ విడతలో ఎన్ని అండాలు తీశారని అడిగితే ఆమెకు తెలియదు. చెప్పలేదట. నాకు ఆ రాత్రి అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది అదే.

దీనిని చాలావరకు రాకుండా చూడవచ్చు. హెచ్‌సీజీకి బదులుగా, ఒంట్లో కొద్ది గంటలు మాత్రమే పనిచేసి పోయే మరో రకం చివరి ఇంజెక్షన్ ఉంది. పిండాన్ని తన గర్భంలో పెట్టించుకొనే స్త్రీకి అది ఇస్తే గర్భం నిలవడంలో కొంత ఇబ్బంది ఉంటుంది. దాతకు ఆ సమస్యే లేదు కాబట్టి, దాతకు అది ఇవ్వకపోవడానికి నాకు మంచి కారణమేదీ కనిపించదు. మొదటి నుంచీ మందు తక్కువ మోతాదులో ఇవ్వడం, కోశాలు మరీ ఎక్కువయితే ఆ నెలకు మానేయడం కూడా మార్గాలే. మానేస్తే పరిశోధకునికి అండాలు రావు. కాబట్టి నేను పట్టుబట్టి చెప్పే మాట ఒకటే: అండాలు కావలసినవారు, మందు మోతాదు నిర్ణయించేవారు ఒకరే కాకూడదు. దాతను చూసే డాక్టరుకు ఆ పరిశోధనతో, దాని డబ్బుతో, దాని పేరుతో ఏ సంబంధమూ ఉండరాదు.

మీరు మళ్ళీ ఎప్పుడూ అండాలు ఇవ్వవద్దు. చట్టమూ ఒప్పదు. ఆసుపత్రి కాగితాలు భద్రంగా దాచుకోండి. ముందుముందు ఏ కాన్పుల డాక్టరు దగ్గరకు వెళ్ళినా ఈ సంగతి మొదటే చెప్పండి.

ప్రశ్న: రెండో కాన్పు అయిన వెంటనే నాకు పిల్లలు కాకుండా ఆపరేషన్ చేశారు. ఇప్పుడు 27 ఏళ్ళు. ‘నీకెలాగూ పిల్లలు పుట్టరు, అండాలు ఊరికే పోతున్నాయి, ఇస్తే నష్టమేముంది’ అంటున్నారు. ఆపరేషన్ అయినవాళ్ళకి అండాలు ఉంటాయా? ఇస్తే ముట్లు తొందరగా ఆగిపోతాయా? క్యాన్సర్ వస్తుందా? (కొత్తపట్నం)

జవాబు: ఉంటాయమ్మా. ఆ ఆపరేషన్‌లో అండాలు వెళ్ళే గొట్టాలను మాత్రమే మూస్తారు. అండాశయాలు మునుపటిలాగే పనిచేస్తాయి. సూది నేరుగా అండాశయంలోకే వెళుతుంది కాబట్టి గొట్టాలతో దానికి పని లేదు. మన రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మందికి ఈ ఆపరేషన్ అయి ఉంది, అదీ చాలామందికి పాతికేళ్ళకు ముందే. వయసు తక్కువ, పిల్లలను కన్న ఒళ్ళు, గర్భం వస్తుందన్న బెంగ లేదు. అండాల కోసం తిరిగేవారికి మన పల్లెలు ఎలా కనిపిస్తాయో దీన్నిబట్టి ఊహించండి.

ముట్లు తొందరగా ఆగుతాయన్న భయం అక్కరలేదు. ఆడపిల్ల పుట్టినప్పుడు అండాశయాలలో పది నుంచి ఇరవై లక్షల అండాలుంటాయి, వయసు వచ్చేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, జీవితం మొత్తంలో బయటికి విడుదలయ్యేవి నాలుగైదు వందలే. మందులు ఇచ్చి ఎదిగించేవి ఆ నెలలో ఎలాగూ ఎండిపోయే వాటిని. ఆ మేరకు ‘ఊరికే పోతున్నాయి’ అన్నమాట నిజమే. కాని అవి ఊరికే పోయేటప్పుడు మీ ఒంటికి ఏమీ కాదు, వాటిని ఆపి బయటికి తీసేటప్పుడే అవుతుంది.

క్యాన్సర్ గురించి తేలిక మాట చెప్పను. నెదర్లాండ్స్‌లో సంతానం కోసం ఈ హార్మోన్లు తీసుకున్నవారితో సహా 25 వేల మందికి పైగా స్త్రీలను ఇరవై ఏళ్ళకు పైగా గమనించి, 2016లో ప్రకటించిన ఫలితాలలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదని తేలింది. అది ఊరటనిచ్చే మాటే. అండాశయాలలో పూర్తి క్యాన్సర్ కాని, దాని అంచున ఉండే గడ్డలు కొంచెం ఎక్కువగా కనిపించినట్టు కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అవి మందువల్లనా, సంతానలేమికి కారణమైన లోపంవల్లనా అన్నది తేలలేదు. వీటన్నిటిలోనూ ఉన్నది పిల్లలు లేక చికిత్సకు వచ్చిన స్త్రీలు, దాతలు కారు. 2006 సెప్టెంబరులో అమెరికాలో, పరిశోధన కోసం అండాలిచ్చేవారి ప్రమాదాలను చర్చించడానికే నిపుణులు సమావేశమయ్యారు. మరుసటి ఏడు వెలువడిన నివేదికలో వారు మొత్తుకున్నది కూడా ఇదే: దాతల పేర్లు నమోదు చేసి ఏళ్ళ తరబడి గమనించే ఏర్పాటే లేదని. తీసిన అండానికి సీసా మీద సంఖ్య వేసి లెక్క పెడతారు, ఇచ్చిన మనిషికి మాత్రం లెక్క ఉండదు.

మీ అమ్మగారికో, అక్కచెల్లెళ్ళకో రొమ్ము క్యాన్సరో, అండాశయ క్యాన్సరో, కాళ్ళలో రక్తం గడ్డకట్టడమో ఉంటే మాత్రం నేను ఆలోచించకుండానే వద్దంటాను.

ప్రశ్న: నేను ఒంగోలులో బయోటెక్నాలజీ డిగ్రీ చదువుతున్నాను. క్లోనింగ్ పరిశోధనకు అన్ని అండాలు ఎందుకు కావాలి? కొరియాలో జరిగిన కుంభకోణం గురించి మా మేడం చెప్పారు. ఇప్పటికీ స్త్రీల అండాలు అవసరమేనా? (ఒంగోలు)

జవాబు: ఎందుకు కావాలంటే, ఈ పద్ధతిలో ఎక్కువ అండాలు వృథా అవుతాయి. అండంలోని కేంద్రకాన్ని, అంటే జన్యువులుండే భాగాన్ని, తీసివేసి, దాని స్థానంలో రోగి చర్మకణపు కేంద్రకాన్ని పెట్టి, అది పిండంలా విభజన చెందేలా చేసి, అయిదారు రోజులకు దానిలోంచి మూలకణాలను, అంటే ఒంట్లోని ఏ రకం కణంగానైనా మారగల కణాలను, తీయాలి. చాలా అండాలు మధ్యలోనే ఆగిపోతాయి. 1996లో క్లోనింగ్ ద్వారా డాలీ అనే గొర్రె పుట్టడానికి 277 ప్రయత్నాలు పట్టింది. గొర్రె విషయంలో ఆ అంకెను మనం గొప్పగా చెప్పుకున్నాం. మనిషి దగ్గరికి వచ్చేసరికి, ఒక స్త్రీ నుంచి పది పదిహేను అండాలు వస్తాయనుకుంటే, ఆ 277 వెనుక ఎంతమంది పొత్తికడుపులకు సూదులు పడాలో లెక్క వేయండి.

దక్షిణ కొరియాలో జరిగింది అదే. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయపు హ్వాంగ్ వూ-సుక్ 2004లో 242 అండాలతో ఒక మూలకణ శ్రేణిని (ప్రయోగశాలలో పెరుగుతూ పోయే ఒకే రకం కణాల వరుసను), 2005లో 185 అండాలతోనే 11 శ్రేణులను సాధించినట్టు ‘సైన్స్’ పత్రికలో ప్రకటించాడు. తరువాత విచారణలో ఆ ఫలితాలు కల్పితమని తేలి, 2006 జనవరిలో పత్రిక రెండు వ్యాసాలనూ రద్దు చేసింది. ప్రపంచం ఆ మోసాన్నే తలచుకుంటుంది. నన్ను కలవరపెట్టేది వేరే అంకె. నిజానికి వాడిన అండాలు రెండు వేలకు పైనే, ఇచ్చినవారు సుమారు 120 మంది. కొందరికి డబ్బు ఇచ్చారు. అతని ప్రయోగశాలలోనే పనిచేసే చిన్న ఉద్యోగినులు ఇద్దరు అండాలిచ్చారు. పై అధికారి అడిగితే కింద పనిచేసే అమ్మాయి ‘ఇష్టపూర్వకంగా’ చేసే సంతకానికి ఎంత విలువ ఉంటుందో మీ తరగతిలో చర్చించండి. దాతలలో కొందరు నేను పైన చెప్పిన సిండ్రోమ్‌తో బాధపడ్డారు. అంత జరిగినా, క్లోనింగ్ ద్వారా ఒక్క మూలకణ శ్రేణి కూడా రాలేదు.

మనిషి అండంతో ఈ పని నిజంగా సాధించింది 2013లో, అమెరికాలోని ఆరిగాన్‌లో షౌఖ్రత్ మిటాలిపోవ్ బృందం. మరుసటి ఏడు న్యూయార్క్‌లో టైప్ 1 షుగరు వ్యాధి ఉన్న స్త్రీ కణాలతోనూ చేశారు. బహుశా కావలి ఉత్తరంలోని షుగరు మందు కథకు ఆధారం ఇదే కావచ్చు. అది ప్రయోగశాలలో కణాలు పెంచిన సంగతి, దాన్ని మందు అనడానికి లేదు. ఆరిగాన్ ఫలితాలలో ఒక విశేషం ఉంది. ఒకేసారి ఎక్కువ అండాలు వచ్చిన దాతలకంటే, పదికి లోపే వచ్చిన దాతల అండాలే బాగా పనిచేశాయి. మందు మోతాదు పెంచి అండాలు గుంజడం దాతకు ప్రమాదమని మేము అంటూ వస్తున్నాం. ప్రయోగానికీ అది లాభం కాదని దీనితో తెలుస్తోంది.

ఇప్పుడు అవసరమా అన్నది మంచి ప్రశ్న. జపాన్‌కు చెందిన షిన్యా యమనాక 2006లో ఎలుక చర్మకణాలను, 2007లో మనిషి కణాలను అండం లేకుండానే మూలకణాల స్థితికి తీసుకువెళ్ళి, 2012లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆ తరువాత రోగికి సరిపోయే కణాల కోసం అండాలు కావాలన్న వాదన చాలావరకు బలం కోల్పోయింది. అండం తొలి దశలను అర్థం చేసుకోవడం వంటి కొన్ని ప్రశ్నలకు అండమే కావాలి, కాదనను. మన దేశంలో మనిషిని క్లోనింగ్ చేయడం నిషిద్ధం. పరిశోధన కోసం కేంద్రకం మార్చే పని 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం కట్టుదిట్టమైన అనుమతులు పొందితేనే జరగాలి.

ప్రశ్న: మా ఆడబిడ్డ ఒక పరిశోధనకు పేరు ఇచ్చి వచ్చింది. సంతకం పెట్టమని ఇచ్చిన కాగితాలు 14 పేజీలు, అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. పెట్టమనమంటారా? ఏమేమి అడగాలి? (అల్లూరు)

జవాబు: ముందు తెలుగు ప్రతి అడగమనండి. పరిశోధనలో పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో కాగితం ఇవ్వాలని, ఒక ప్రతి వారి చేతికి ఇవ్వాలని, మధ్యలో ఎప్పుడైనా మానుకొనే హక్కు ఉందని, పరిశోధన వల్ల ఒంటికి హాని జరిగితే చికిత్స ఉచితంగా చేయించి పరిహారం ఇవ్వాలని ఐసీఎంఆర్ నియమాలు చెబుతున్నాయి. తెలుగు ప్రతి లేదన్నారంటే, ఆ పరిశోధనకు నైతిక సంఘం (పాల్గొనేవారి క్షేమం చూసి పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ) ఆమోదం ఉందా అని నాకే అనుమానం వస్తుంది. మీ జిల్లాలోనే దూబగుంటలో, 1990ల మొదట్లో, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయనక్కరలేదన్నది ఆ నేల మీద కొత్త మాట కాదు.

తరువాత ఈ సంగతులు విడివిడిగా అడగమనండి. రోజువారీ ఇంజెక్షన్ మోతాదు ఎంత, దానిని నిర్ణయించే డాక్టరు ఈ పరిశోధనలో ఉన్నారా? చివరి ఇంజెక్షన్ ఏది? కోశాలు ఎక్కువయితే ఆపేస్తారా, ఆపితే అప్పటిదాకా అయిన ఖర్చు ఎవరి మీద పడుతుంది? అండాలు తీసిన తరువాత ఎన్ని తీశారో రాసి ఇస్తారా? ఆమెకు పీసీఓడీ ఉందేమో, థైరాయిడ్ ఉందేమో, హిమోగ్లోబిన్ ఎంతో చూశారా? ఇవన్నీ దాత అడిగితే డాక్టరు విసుక్కుంటే, లేచి వచ్చేయవచ్చు.

ఆమె వెళ్ళాలనే నిర్ణయించుకుంటే, ఇంట్లో మీరు చూసుకోవలసినవి ఇవి. ఇంజెక్షన్లు మొదలయినప్పటి నుంచి తరువాతి ముట్టు వచ్చేదాకా భార్యాభర్తలు దూరంగా ఉండాలి; ఆపరేషన్ కానివారిలో తీయకుండా మిగిలిన అండంతో గర్భం వస్తే సిండ్రోమ్ మరింత ముదురుతుంది. నీళ్ళ బిందెలు మోయడం, బరువులెత్తడం వద్దు; ఉబ్బిన అండాశయం తన కాడ చుట్టూ తానే మెలిపడితే అత్యవసరంగా ఆపరేషన్ చేయవలసి వస్తుంది. అండాలు తీసిన తరువాత పది రోజులు, రోజూ పొద్దున పరగడుపున బరువు, నడుము కొలత క్యాలెండరు మీద రాయండి. ఒక్క రోజులో కిలో పెరిగినా, మూత్రం తగ్గినా, వాంతులు ఆగకపోయినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా తెల్లవారేదాకా ఆగవద్దు. మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు, నీరు లాగే బిళ్ళలు కొనవద్దు. నెల్లూరు పెద్దాసుపత్రికి అయినా సరే, దగ్గరలో ఉన్న మరొక ఆసుపత్రికి అయినా సరే తీసుకువెళ్ళి, గుమ్మం దగ్గరే ‘అండాలు తీయించుకుంది’ అని చెప్పండి. సిగ్గుపడి ఆ ఒక్క మాట దాచితే, గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపించేస్తారు.

సంతకం పెట్టే ముందు ఆ కేంద్రంవాళ్ళ రాత్రి ఫోను నంబరు కూడా తీసుకోండి. తీసుకున్న రోజే, రాత్రి పదకొండు దాటాక ఒకసారి ఫోను చేసి చూడండి.